రాకెట్టు కంపెనీలో కొండ డ్యూటీ

శ్రీహరికోటలో రాకెట్టు లేచిన నాలుగేండ్లకంతా తిరుపతిలో ఇంటికొక రాకెట్టు చుట్టం పుట్టుకొచ్చినాడు. ఒకడి బావ ఆడ డ్రైవరంట. ఇంకొకడి చిన్నాయన ఆడ క్యాంటీన్లో ఇడ్లీలు దించుతాడంట. ఆ ఇడ్లీలు దించేవాడి కొడుకు గాంధీరోడ్డు టీ అంగట్లో కాలు మీద కాలేసుకోని, రాకెట్టు కడుపులో ఏం మండుతుందో, మనం చంద్రుడి మీదికి ఎప్పుడు పోతామో చెప్తా ఉంటే, చుట్టూ నిరుద్యోగులు నోళ్ళు తెరుచుకోని వినేవాళ్ళు. రాకెట్టు ఉద్యోగం ఎట్లా కొట్టాలో కూడా ఆ అంగట్లోనే చెప్పేవాళ్ళు. టైపు నేర్చుకోమన్నవాడు ఒకడు. ఇంగ్లీషు పేపరు గట్టిగా చదవమన్నవాడు ఒకడు. శనివారం ఒక్కపొద్దు ఉండమన్నవాడు ఇంకొకడు. ఇన్ని చెప్పినవాళ్ళలో ఒక్కడికీ ఉద్యోగం లేదు. ఆ మాట అడిగితే మాత్రం కోపం.

ధనంజయ ఈ కబుర్లేవీ నమ్మలేదు. అంటే వాడేదో తెలివైనవాడని కాదు. వాడి పిచ్చి వాడికి వేరే ఉండింది. పని వచ్చినవాడికి పని దొరుకుతుందని వాడి నమ్మకం. ఎనభై నాలుగులో, తిరుపతిలో ఉండి, అట్లాంటి నమ్మకం పెట్టుకున్నవాణ్ణి ఏమనాలో చదివే మీరే అనుకోండి.

వాడిది సత్యవేడు పక్కన పల్లె. ఒకరోజు పొద్దున నాయనతో కలిసి శెనక్కాయ చేన్లో కలుపు తీస్తా ఉంటే తూర్పున ఆకాశంలో తెల్లటి గీత ఒకటి పైకి పోయింది. నాయన ఒకసారి తలెత్తి చూసి, "ఏందో కాల్తా ఉండాది" అని మళ్ళీ కలుపులో పడిపోయినాడు. ధనంజయ మాత్రం గీత కరిగిపోయిందాకా నిలబడే ఉన్నాడు. అప్పుడే వాడు ఐటిఐలో టర్నరు చదవతా ఉన్నాడు. ఇనప కడ్డీని లేతు మిషన్లో పెట్టి, తిప్పి, గీకి, కావలసిన కొలతకు తెచ్చే పని అది. అంత ఎత్తుకు పోయేదాంట్లో నేను చెక్కిన రింగు ఒక్కటన్నా ఉండాల అనుకున్నాడు. అంతకు మించి వాడేమీ కోరలేదు. పెద్ద ఆఫీసరు కావాలనీ లేదు, పేపర్లో ఫొటో పడాలనీ లేదు. ఒక లేతు, ఒక రింగు.

రాకెట్టు కేంద్రం వాళ్ళు పెట్టే పరీక్ష రాసినాడు. రాలేదు. మళ్ళీ రాసినాడు. మళ్ళీ రాలేదు. అప్పుడు తెలిసింది వాడికి: రాకెట్టుకు కావలసిన చిల్లర సామాన్లు ఇప్పుడు ప్రైవేటు వాళ్ళకు కూడా ఇస్తా ఉండారు, మద్రాసులో ఒక పెద్ద కంపెనీ ఆ పని తీసుకోని చిన్నచిన్న వర్క్‌షాపులకు పంచుతా ఉండాది, అట్లాంటిది ఒకటి రేణిగుంటలోనే ఉండాది అని.

ఆ ఒకటి కుప్పుస్వామి ఏరో వర్క్స్. అంతకుముందు అది కుప్పుస్వామి గ్రిల్ వర్క్స్. కిటికీలకు కమ్మీలు, సినిమా హాలు కుర్చీలకు మడతబందులు చేసేవాళ్ళు. రాకెట్టు పని రాగానే కుప్పుస్వామి బోర్డు మీద 'గ్రిల్' అనే మాట ఒక్కటీ తుడిపించి 'ఏరో' అని రాయించినాడు. పక్కన రాకెట్టు బొమ్మ కూడా వెయ్యమన్నాడు. బోర్డు రాసిన మనిషి జన్మంతా గుడి గోపురాలకు రంగులేసినవాడు. వాడు వేసిన రాకెట్టు, గాలిగోపురం కింద ఎవరో నిప్పు పెట్టినట్టు ఉండేది. కుప్పుస్వామి దానికి దినామూ కర్పూరం వెలిగించేవాడు.

ధనంజయ సర్టిఫికెట్లు చంకన పెట్టుకోని పోయినాడు. కుప్పుస్వామి నుదుట విభూతి పట్టీలు, చేతిలో విసనకర్ర. మాటల్లో సగం అరవం.

"ఏమప్పా, ఏం చదివినావు?"

"టర్నరు సార్. ఐటిఐ."

"సరి సరి. ఇల్లు యాడ?"

"సత్యవేడు పక్కన సార్. ఈడ తిరుపతిలో బైరాగిపట్టెడలో మా పిన్నమ్మ ఇంట్లో ఉంటాను."

విసనకర్ర ఆగింది. "తిరుపతిలోనా? కొండమీద ఎవురన్నా ఉండారా మీవోళ్ళు?"

"మా గోవిందయ్య మామ దినామూ కొండమీదికే పోతాడు సార్. నాలుగైదు తూర్లు ఎక్కి దిగుతాడు."

"దినానికి నాలుగైదు తూర్లా!" కుప్పుస్వామి కుర్చీలో ముందుకు జరిగినాడు. దేవుడి దగ్గరికి అన్నిసార్లు పొయ్యొచ్చే మనిషి ఎంత పెద్ద మనిషై ఉంటాడో లెక్కేసుకున్నాడు. ఏం ఉద్యోగమని అడగలేదు. అడిగి ఉంటే ధనంజయ దాచేవాడు కాదు. గోవిందయ్య కొండ బస్సులో కండక్టరు.

"రేపట్నుంచి వచ్చెయ్ తంబీ."

"సార్, మిషను మీద ఒకసారి చేసి చూపిస్తాను..."

"మిషను యాడికి పోతాదప్పా? ఆడనే ఉంటాది. ముందు నువ్వు రా."

సర్టిఫికెట్ల సంచి ముడి కూడా విప్పలేదు. రాకెట్టు ఉద్యోగం వచ్చింది. టీ అంగట్లో ఆ సాయంత్రం ధనంజయను చూసి, ఇడ్లీలు దించేవాడి కొడుకు కాలు మీది కాలు తీసేసినాడు.

చేరిన వారానికే మద్రాసు కంపెనీ నుంచి ఒక అధికారి, ఆయన భార్య, బావమరిది దిగినారు. కుప్పుస్వామి ధనంజయ భుజం మీద చెయ్యేసినాడు. "మన మిషన్లకంటే ముఖ్యం వీళ్ళప్పా. కొండకు తీసకపో. మీ మామతో చెప్పి మంచి దర్శనం చేయించు."

ధనంజయ పరిగెత్తి బస్టాండులో గోవిందయ్యను పట్టుకున్నాడు. గోవిందయ్య టికెట్ల సంచీ సర్దుకుంటా విన్నాడు. విని నవ్వినాడు.

"ఒరే అబ్బోడా, పైన నాకు తెలిసింది ఇద్దరే. బస్సులు వదిలే టైము రాసుకునేవాడు ఒకడు, వాని పక్కన బజ్జీలేసే ముసిలాయన ఒకడు. వాళ్ళతో చెప్తే నీకు బజ్జీ పెడతారు. దర్శనం యాడ పెడతారు?"

"ఉద్యోగం పోతాది మామా."

గోవిందయ్య కాసేపు చెవిలో పెన్సిలు తిప్పుకున్నాడు. "ఒక పని చెయ్. దిగొచ్చే బస్సులు సూడు. మనుషులు నిలబడి, వేలాడి, గుండ్లతో కిక్కిరిసి దిగతా ఉంటే పైన క్యూ ఖాళీ అయిపోయిందని అర్థం. అప్పుడు ఎక్కు. ఖాళీ బస్సులు దిగతా ఉన్నాయంటే పైన జనం ఇరుక్కోని ఉండారు. అప్పుడు వీళ్ళకు కాఫీ తాపించి, కబుర్లు చెప్పి, ఈడనే కూసోబెట్టు."

అంతే కిటుకు. ధనంజయ దిగొచ్చే బస్సులు చూసినాడు, సరైన పూట ఎక్కించినాడు, ఊరందరూ నిలబడే మామూలు క్యూలోనే నిలబెట్టినాడు. తోసుకోవడం లేకుండా పోయి దండం పెట్టుకోని వచ్చినారు. మద్రాసు అధికారి కండ్లు తుడుచుకున్నాడు. "ఏం పలుకుబడయ్యా! మాకోసం క్యూనే ఖాళీ చేయించినారు!"

మనిషికి ఖాళీగా ఉన్న దోవ దొరికితే, అది ఖాళీగా ఉండింది కాబట్టి దొరికిందని నమ్మడు. తనకోసం ఎవరో ఖాళీ చేయించినారనే నమ్ముతాడు. పెద్ద జీతగాడైతే ఇంకా గట్టిగా నమ్ముతాడు.

ఆ తర్వాత ధనంజయ బతుకు చూసుకోండి. రాకెట్టు కంపెనీలో వాడు మోసిన బరువేదన్నా ఉందంటే అది మద్రాసు పిల్లకాయలది. ఒకరి బిడ్డకు పుట్టు వెంట్రుకలు. ఒకరి అత్తకు మోకాళ్ళ నొప్పి. ఒకాయనకు పైన చలి, కిందికొస్తే ఎండ, ఎక్కేటప్పుడు మలుపుల్లో వాంతి. చెప్పులు కాపలా కాసినాడు. లడ్లు మోసినాడు. వచ్చిన ప్రతివాడూ పోతా పోతా ఒకటే చెప్పేవాడు: "కుప్పుస్వామి గారూ, మీ దగ్గర మంచి కుర్రాడున్నాడు." రింగులు చూసేవాడే లేడు. చెక్కేది కుప్పుస్వామి బావమరిది చిన్నబ్బ. చిన్నబ్బ అంతకుముందు మడతబందులకు బెజ్జాలు కొట్టేవాడు. ఇప్పుడూ అదే చేత్తో రాకెట్టు రింగులకు బెజ్జాలు కొడతా ఉన్నాడు.

ధనంజయ అడక్కుండా లేడు. వచ్చినవాళ్ళు మళ్ళీ మద్రాసు రైలెక్కినారంటే చాలు, కుప్పుస్వామి ముందర నిలబడేవాడు.

"సార్, మిషను..."

"ఇప్పుడే గదప్పా కొండ దిగినావు. కాళ్ళు కడుక్కో. ఈ తూరి సరుకు పోనీ, నీకిస్తా."

సరుకు పోయేది. ఇంకొక సరుకు వచ్చేది. చిన్నబ్బ లేతు మీద చెయ్యేసుకోని పళ్ళికిలించేవాడు. "ఏం దర్శనమయ్యా, మిషను కావాల్నా? దీనికి గుండు కొట్టించాలంటే పిలుస్తాలే."

పిన్నమ్మ నాగరత్నమ్మ మాత్రం మురిసిపోయేది. ఆమె పూలు కట్టి అమ్ముకునే మనిషి, నోరు పెద్దది. "మా అబ్బోడు రాకెట్టు కంపెనీలో చేస్తా ఉండాడు" అని వీధి వీధంతా చాటింది. వాడు ఏం చేస్తా ఉండాడో ఆమెకు అక్కర్లేదు. వీధికీ అక్కర్లేదు.

ఏడాది పైన గడిచింది. అప్పుడు మద్రాసు కంపెనీ కొత్తగా ఒక మెలిక పెట్టింది. ఇకమీదట రాకెట్టు రింగులు ఎవరు పడితే వాళ్ళు చెయ్యగూడదు. ఇన్స్‌పెక్టరు ఎదురుగా కూర్చోని పరీక్ష పెడతాడు. కావాలన్నవాడు ఒక రింగు చెక్కి చూపించాల. పాసైన పేర్లే మిషను మీద ఉండాల.

ధనంజయకు ప్రాణం లేచొచ్చింది. ఇంక కుప్పుస్వామిని అడుక్కునే పని లేదు. పాసైతే చాలు, మిషను తనది.

పరీక్షకు వస్తా ఉన్నది రామచంద్ర అనే ఇన్స్‌పెక్టరు. రామచంద్ర వస్తా ఉన్నాడంటే వాళ్ళమ్మ కూడా వస్తా ఉంది. ఆమెకు మొక్కు ఉంది, తల్నీలాలు ఇయ్యాల. కుప్పుస్వామి ముందురోజే చెప్పినాడు: "పొద్దున్నే ఆ పెద్దామెను తీసకపో. సాయంత్రం దాకా జాగర్త."

"పరీక్ష పొద్దున్నే గదా సార్. నేనూ రాయాల."

"నీకెందుకప్పా పరీక్ష? నువ్వు పాసై శానా దినాలాయె."

ధనంజయ ఇంటికి పోయి నాగరత్నమ్మ కాళ్ళ మీద పడినంత పని చేసినాడు. ఆమె పూలబుట్ట పక్కన పెట్టి తిట్టింది. "ఒరే, ఆ మద్రాసు ముసిల్దాన్ని నేను ఎక్కించాల్నా? నా పూలు ఎవుడు అమ్ముతాడు? నీ నాయనా?" తిడతానే కొత్త చీర మడత విప్పింది. గోవిందయ్య బస్సులో ముందు సీటు ఉంచినాడు. ఇద్దరాడవాళ్ళూ కొండెక్కినారు. ధనంజయ రేణిగుంటకు పోయినాడు.

వాణ్ణి చూసి కుప్పుస్వామికి మండిపోయింది. "నువ్వు ఇంకా ఈడనే ఉండావేందిరా?"

"మా పిన్నమ్మ తీసకపొయ్యింది సార్. నాకంటే ఆమెకే బాగా తెలుసు."

అదేమో రామచంద్ర ఎదురుగానే అనేసినాడు. రామచంద్ర ఫ్యాను కింద కాఫీ తాగతా, "చెయ్యనీండి, ఒకడు ఎక్కువైతే నష్టమేముంది" అన్నాడు. కుప్పుస్వామి పళ్ళు నూరుకున్నాడు.

చిన్నబ్బ తన రింగు ముందు చెక్కి బల్ల మీద పడేసినాడు. తర్వాత లేతు ముందర ధనంజయ నిలబడినాడు. అల్యూమినియం కడ్డీ బిగించినాడు, మిషను తిప్పినాడు. ఇంతకాలం కలలో తిప్పిన మిషను. కానీ కలలో తిప్పితే చేతికి అలవాటు నిలుస్తుందా? చిన్నపిల్లల చంకలు, లడ్ల సంచులు, ముసలివాళ్ళ మోచేతులు పట్టుకున్న చెయ్యి అది. బెజ్జం గీకే కొస తిప్పుడులో పిడి రవ్వంత ఎక్కువ తిరిగింది. వెంట్రుకవాసి. ఆ ఎక్కువ తిరగడం వాడి మణికట్టుకు తెలిసింది. బెజ్జం చిన్నదైతే ఇంకా గీకొచ్చు. పెద్దదైతే కడ్డీలోకి లోహాన్ని తిరిగి ఎవరూ పెట్టలేరు. అయినా ఏమో, నాకట్లా అనిపించిందేమో అనుకోని రింగు తీసి బల్ల మీద పెట్టినాడు.

రామచంద్ర వెంటనే చూళ్ళేదు. భోంచేసినాడు, కునుకు తీసినాడు. సాయంత్రం జట్కా ఆగి వాళ్ళమ్మ దిగింది. నున్నటి గుండు, చందనం, మొహంలో వెలుగు. పక్కనే నాగరత్నమ్మ. దోవ పొడుగునా ఇద్దరూ కోడళ్ళ గురించి మాట్లాడుకున్నట్టున్నారు, గొంతులు బొంగురు పోయినాయి.

"ఎంత బాగా చూసినాన్రా అబ్బాయీ! ఎవరూ తొయ్యలేదు. నిలబడి చూసినాను!" అని ముసలామె కొడుకు చెయ్యి పట్టుకుంది.

రామచంద్ర కండ్లలో నీళ్ళు. అదే ఊపులో గేజి అందుకున్నాడు. గేజి అంటే రింగు బెజ్జం చూసే ఉక్కు కడ్డీ. దానికి రెండు కొనలు. మొదటి కొన బెజ్జంలో దూరాల. రెండోది రవ్వంత లావు, అది దూరగూడదు. దూరిందంటే బెజ్జం పెద్దది, రింగు చెత్తబుట్టకు. రామచంద్ర చిన్నబ్బ రింగులో మొదటి కొన దూర్చినాడు. దూరింది. "పాస్." ధనంజయ రింగులో మొదటి కొన దూర్చినాడు. దూరింది. "పాస్." గేజి బల్ల మీద పెట్టేసి, అమ్మకు మంచినీళ్ళు తెమ్మన్నాడు.

మిషను ధనంజయది అయిపోయింది. నోరు మూసుకోని ఇంటికి పోవలసిన ఘడియ అది. ఏ తిరుపతి మనిషైనా పోయుండేవాడు. ధనంజయ పోయి గేజి తీసుకున్నాడు, తిప్పినాడు, తన రింగులో రెండో కొన పెట్టినాడు. జారుకుంటా లోపలికి పోయింది.

"సార్, ఇది గూడా దూరతా ఉండాది."

రింగు తీసకపోయి రామచంద్ర ముందర పెట్టినాడు.

"నా చెయ్యి పట్టు తప్పింది సార్. ఇంకొక కడ్డీ ఇయ్యండి. ఇంకా పొద్దుండాది. మళ్ళీ చేస్తాను."

వాడికి దండలెయ్యాల్సిన పనేమీ లేదు. నిజాయితీ, దేశం, అట్లాంటివేవీ వాడి బుర్రలో లేవు. పైకి పోయే రింగు తనదై ఉండాల, అంతే. బెజ్జం పెద్దదైన రింగు తనది కాదని వాడి లెక్క. ఇంకొక కడ్డీ ఇస్తారని కూడా నిజంగానే అనుకున్నాడు, వెర్రివాడు.

రామచంద్ర మొహం ఎర్రబడింది. "నేను పాస్ అంటున్నా గదయ్యా. మా అమ్మకు అంత మంచి దర్శనం చేయించినావు, నీకెందుకు అన్యాయం చేస్తాను?"

"దర్శనం చేయించింది మా పిన్నమ్మ సార్. రింగు చేసింది నేను."

కుప్పుస్వామి వాణ్ణి రెట్ట పట్టుకోని గుమ్మం అవతలికి లాక్కపోయినాడు. "నిన్ను ఎవుర్రా తిప్పమనింది? ఆయనే తిప్పలేదు. నువ్వు నీది తిప్పితివి. ఇంక చిన్నబ్బది తిప్పాల. అది తిప్పితే పోయిన నెల పంపినవి తిప్పాల. మొత్తం కంపెనీని తిప్పుతావా?"

లోపల్నుంచి చిన్నబ్బ గొంతు. "గేజి ఎందుకయ్యా నీకు? కొండమీద కూసోని జపమాల తిప్పుకో!"

కుప్పుస్వామి కొంచెం చల్లబడినాడు. వ్యాపారస్తుడు, కోపాన్ని ఎక్కువసేపు మొయ్యడు. "సూడు తంబీ. మిషను మాట ఇంక ఎత్తొద్దు. నీ రింగు నువ్వే బాగలేదంటివి, నీ పేరు కొట్టేసినాను. కొండ పని నీదే. ఒక బల్ల వేయిస్తా, కుర్చీ వేయిస్తా. ఆఫీసరని పిలవమంటా. రేపు పొద్దున రైలుకు మద్రాసు నుంచి ఆరుగురు దిగతా ఉండారు. స్టేషనుకు పో."

ఇంటికి పోయే దోవలో నాగరత్నమ్మ వాణ్ణి నిలబెట్టి కడిగేసింది. "ఆ ముసిల్దాని కాళ్ళు పిసికినాను గదరా నీకోసం! ఇచ్చినదాన్ని ఎవుడన్నా తిప్పి సూస్తాడా? పెండ్లిలో తాంబూలం ఇస్తే విప్పి వక్కలు కొరికి సూస్తావా?"

పొద్దున ధనంజయ రేణిగుంట స్టేషనుకు పోయినాడు. ఆరుగురూ దిగినారు, సంచులతో, తలకు మఫ్లర్లతో. వాళ్ళలో లావాటాయన, "దర్శనం చూసేది నువ్వేనా? ఎంతసేపట్లో అయిపోతుంది?" అన్నాడు. ధనంజయ చెయ్యి చాపి, "కొండ బస్సు ఆ పక్క సార్. క్యూలో నిలబడండి, అదే అయిపోతాది" అని, కాట్పాడి పోయే పాసింజరెక్కి చిత్తూరులో దిగినాడు.

చిత్తూరులో చెరుకు గానుగల రోలర్లు చెక్కే షాపులున్నాయి. బెల్లం కాచే కాలం, పని ఊపిరాడకుండా ఉంది. చెంగయ్య అనే ఆయన షాపులోకి పోయినాడు. చెంగయ్య ఒళ్ళంతా నూనె, నోట్లో బీడీ, వాకిట్లో రైతులు రోలర్ల కోసం అరుస్తా ఉన్నారు.

"ఏం చేస్తావురా?"

"టర్నరు. రాకెట్టు కంపెనీలో చేసినాను."

"ఏం చేసినావు ఆడ?"

"జనాన్ని కొండకు తీసకపోతా ఉంటి."

చెంగయ్య బీడీ తీసి వాణ్ణి పైకీ కిందికీ చూసినాడు. నవ్వలేదు, తీరిక లేదు. "అదిగో మిషను. ఇదిగో రోలరు. తెల్లారేసరికి ఆ బంగారుపాళెం ఆయనకు కావాల."

ధనంజయ చెక్కినాడు. చెంగయ్య వచ్చి, కొలతబద్ద పెట్టి, ఒక పక్క కొలిచినాడు, తిప్పి ఇంకొక పక్క కొలిచినాడు. తర్వాత మొదలుపెట్టినాడు. వాడి చదువును తిట్టినాడు, చేతుల్ని తిట్టినాడు, రాకెట్టును తిట్టినాడు. "దీంట్లో చెరుకు పెడితే రసం రాదు గదరా, చెరుకుకు నవ్వు వస్తాది! ఈ చేతుల్తోనేనా పైకి పంపింది? అందుకే అది దేవుని దగ్గరికి పొయ్యేది!"

ధనంజయ తలొంచుకోని నిలబడినాడు. సంచి తీసుకోని వాకిలి వైపు ఒక అడుగు కూడా వేసినాడు.

"యాడికి పోతావు?" అని అరిచినాడు చెంగయ్య. చెడిపోయిన రోలరును కాలితో మూలకు తోసి, గోడ వారగా పడున్న వాటిల్లోంచి ఇంకొకటి దొర్లించినాడు. "ఇది పట్టుకో. దీన్ని గూడా చెడగొడితివంటే అప్పుడు చెప్తా నీ సంగతి."

ధనంజయ సంచి కింద పెట్టి, దాన్ని ఎత్తి మిషన్లో బిగించుకున్నాడు.